మేళము, సమాజము, మండలి : దిగువ కృష్ణా డెల్టాలో ఆటబృందముల పుట్టుక, పెంపు

మన సాహిత్య చరిత్రలు కవిని కేంద్రముగా నుంచుకొని వ్రాయబడినవి. కవి కాలము, వంశము, పోషకుడు, కృతులు, శైలి అనునవి వానిలోని అధ్యాయములు. శతకమునకును ప్రబంధమునకును ఈ పద్ధతి చాలును. కాని పాడువాడు, ఆడువాడు, తాళము పట్టువాడు, మద్దెల వాయించువాడు కూడి నిలబెట్టినగాని నిలువని కృతులు కొన్ని కలవు. అట్టి కృతి విషయమున ఆ నలుగురి కూటమికి సాహిత్య చరిత్రలో చోటెక్కడ? కవి పేరు దొరికినచో ఆ పేరు క్రింద కృతిని చేర్చి బృందమును మరచుచున్నాము. పేరు దొరకనిచో జానపదమని ఒక గుంపులో వేసి ఊరకుండుచున్నాము. ఈ రెండును బృందమును చూడక తప్పించుకొను మార్గములే.

ఈ విషయమిప్పుడు చర్చింపవలసిన కారణమొకటి కలదు. రాక్ సంగీత బృందములను, అందును ఇండీ అని పేరుపడిన స్వతంత్ర బృందములను గూర్చి పరిశోధన చేయవలెనన్న ఉత్సాహము నేటి విద్యార్థులలో కొందరియందు కనబడుచున్నది. పెద్ద రికార్డు సంస్థల నాశ్రయింపక తమ పాట తామే కట్టి, తామే వెలువరించి, తామే ఊరూర వినిపించుకొను కూటములకు ఆ పేరు చెల్లుచున్నది. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున బజ్‌కాక్స్ అను బృందము 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు నొకదానిని సొంత ముద్రతో వెలువరించుట ఈ ధోరణికి తొలి గుర్తులలో ఒకటిగా చెప్పబడును. ఇట్టి బృందమును పరిశీలించువారు అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. వీరెట్లు కూడిరి? ఎవరి ఆశ్రయము లేక ఎట్లు బ్రతికిరి? పాట ఎవరిది, ఒకనిదా, అందరిదా? పేరు వచ్చిన పిమ్మట బృందము నిలిచినదా, విడిపోయినదా?

ఈ ప్రశ్నలు తెలుగు శాఖలో అడుగదగినవేనా అని సందేహించువారు కలరు. అడుగదగినవే యని నా అభిప్రాయము. అంతేకాదు, వీనిని మన పాత బృందములను గూర్చి అడుగకపోవుట వలననే మన ప్రదర్శన వాఙ్మయమును గూర్చిన విమర్శ కుంటుపడినది. బందరు, గుడివాడ, దివిసీమల నడుమ పుట్టి పెరిగిన ఆటబృందములను, ముఖ్యముగా కూచిపూడి మేళమును, ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

కూచిపూడి గ్రామము కృష్ణా జిల్లా మొవ్వ మండలమున, బందరుకు పడమటి దిక్కున నున్నది. ఉత్తరమున గుడివాడ సీమ, దక్షిణమున దివిసీమ. క్షేత్రయ్య పదములలోని మువ్వగోపాలుని మొవ్వ దీనికి పొరుగూరు. ఆంధ్రవిష్ణువు వెలసిన శ్రీకాకుళము దవ్వు గాదు. రేవుపట్టణమైన బందరునకు విదేశీ వర్తకులు, రాజోద్యోగులు, పండితులు వచ్చుచుండిరి. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట వలన ఈ నేలకు కాలువనీరు వచ్చినది. వరి నమ్మకముగా పండిన ఊళ్లలో కుప్పలు నూర్చిన పిమ్మట ఆట పెట్టించు శక్తి కల కాపులు పెరుగుట సహజము. రాజు లేని కాలమున బృందమునకు పోషకుడెవడన్న ప్రశ్నకు సమాధానమును ఈ మార్పులోనే వెదకవలెను. ఒక ప్రభువు పెట్టిన దానికి బదులు పది ఊళ్లు తలకొంచెము పెట్టిన దానితో మేళము సాగవచ్చును. స్వతంత్రత అనగా ఇచ్చట పోషకుడు లేకుండుట యని అర్థము గాదు. ఏ యొక్క పోషకునికిని లొంగి యుండవలసిన పని లేకుండుట యని అర్థము.

ఇక ఆధారములు. కూచిపూడి ఆటను గూర్చిన మొదటి ప్రస్తావనగా విద్వాంసులు తరచు ఉదాహరించునది మాచుపల్లె కైఫీయతు. కూచిపూడివారు విజయనగర రాజు సమ్ముఖమున కేళిక ఆడిరనియు, సిద్ధవటము సీమను పాలించుచుండిన సమ్మెట గురవరాజు ధనము కొరకు స్త్రీలను పెట్టు హింసలను ఆ కేళికలో అభినయించి చూపిరనియు, రాజు దానిని గ్రహించి గురవరాజుపై సేనను పంపెననియు అందులోని కథ. ఇది 1502 ప్రాంతమున జరిగినదని సాధారణముగా చెప్పుదురు. ఆ రాజు ఎవరన్న విషయమున అభిప్రాయభేదములు కలవు. అదిగాక కైఫీయతులు మెకంజీ దొర కాలమున, పందొమ్మిదవ శతాబ్ది తొలి పాదమున, సేకరింపబడిన స్థానిక వృత్తాంతములు. వానిని పదునారవ శతాబ్దికి ప్రత్యక్ష సాక్ష్యముగా గ్రహించుట సాహసము. అయినను తేదీని ప్రక్కకు నెట్టి ఆ కథను కథగా చదివినప్పుడు ఒక విశేషము కనబడును. అందులో గురవరాజు వేషము కట్టినది ఎవరు, స్త్రీ వేషము కట్టినది ఎవరు అన్న ఊసు లేదు. ఉన్న పేరు ఒక్కటే : కూచిపూడివారు. జ్ఞాపకమున నిలిచినది నటుడు గాడు, బృందము. ఆ బృందమునకు పేరు దాని ఊరు. మరియొక విశేషము. ఆ బృందము చూపినది పురాణకథ గాక నాటి కాలపు అన్యాయము. రాజును రంజింపజేయుటకు వచ్చినవారు రాజునకు వార్త చెప్పిపోయిరి. ఆ చరిత్ర నిజమైనను కాకున్నను, ఆటబృందమునకు అంతటి ధైర్యమున్నదని జనులు నమ్మిరనుటకు ఈ కథ సాక్ష్యము.

రెండవది గోలకొండ ప్రభువు అబుల్ హసన్ కుతుబ్షాహి, మనవారు తానీషా అని పిలుచునాతడు, కూచిపూడిని అగ్రహారముగా ఇచ్చెనన్న సంప్రదాయము. ఆతడు 1672 మొదలు 1687 వరకు పాలించెను. మూడవది 1763 నాటిదిగా పరిశోధకులు ఉదాహరించు భాగపరిష్కార పత్రము. వేదాంతము, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మున్నగు ఇంటిపేర్ల కుటుంబములకు గ్రామముపై గల హక్కులు దానివలన తెలియుచున్నవి. ఈ రెండింటిని రాజపోషణకు నిదర్శనములుగా మాత్రమే చూచుట వాడుక. ఆటబృందపు చరిత్రగా చూచినచో ఇవి చెప్పునది వేరు. భూమి ఒక నటునికి గాని ఒక గురువునకు గాని దక్కలేదు, ఆడు కుటుంబముల సముదాయమునకు దక్కినది. ఆటకు సమష్టి హక్కు, నేలకు సమష్టి హక్కు ఒకదాని నొకటి పట్టుకొని నిలిచినవి. బృందమును విడిచి పోవువాడు ఊరిని కూడ విడువవలసి వచ్చును. మేళము శతాబ్దుల పాటు చెదరకుండుటకు భక్తి యొక్కటే కారణమనుట కంటె ఈ కట్టుబాటును కూడ లెక్కించుట న్యాయము.

ఇప్పుడు సిద్ధేంద్రయోగి కథ. ఆయన సత్యభామ కథను ఆటగా రచించి, కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పి, ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి మగవాడును జీవితమున ఒక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని మాట తీసికొనెనని సంప్రదాయము. ఆయన కాలమేది, గురువెవరు అను విషయములపై ఇప్పటికే చాల సిరా ఖర్చయినది. కథలోని మూలసూత్రము మాత్రము అంతగా విచారింపబడలేదు. ఆ సూత్రము బృందమునకు నియమావళి వంటిది. ప్రతివాడును నాయికా వేషము కట్టవలెనన్న నియమమున రెండు ఫలితములు కలవు. మొదటిది, ప్రధానపాత్ర ఒక్కని సొత్తు కాకుండుట. రెండవది, తాళము పట్టువాడును వంతపాట పాడువాడును నాయికపాత్రను లోపలినుండి ఎరిగియుండుట. రంగము మీద సత్యభామ ఒక చరణమును పొడిగించినచో వెనుక నున్నవారు తడబడక అందుకొందురు. ఏలయన వారును ఒకప్పుడు సత్యభామలే. సిద్ధేంద్రుడు చారిత్రక పురుషుడైనను కాకపోయినను ఈ నియమము బృందమునకు ప్రాణము. ఈ కథను ఒక కవి చరిత్రగా గాక ఒక కూటమి తనకు తాను వ్రాసికొన్న శాసనముగా చదువవలెనని నా ప్రతిపాదన.

భామాకలాపమును పరిశీలించినచో ఈ ప్రతిపాదనకు బలము చేకూరును. కథ చాల చిన్నది. అద్దమున చూచుకొని అందమునకై జరిగిన వాదమున కృష్ణుడలిగి పోవును. సత్యభామ విరహమున వేగి, మాధవి చేత లేఖ పంపును. కృష్ణుడు వచ్చును. ఇంతటి కథను రాత్రి తెల్లవార్లు ఎట్లు నడపిరి? చదువుకొన్న పాఠమున దీనికి సమాధానము లేదు. ప్రవేశ దరువునకు ముందు తెర మీదుగా బయటకు వేయబడు జడ కలదు. ఆ జడ సత్యభామ సౌందర్యమునకు గుర్తు. సభలోని పండితులకును పోటీ మేళములకును సవాలు. తనను ఓడించువాడున్నచో జడ కోసి యిచ్చెదనని దాని భావము. ఇది పాత్ర చేయు ప్రతిజ్ఞయా, నటుడు చేయునదియా, మేళము చేయునదియా? మూడును కలిసినదే. ఒక్క కవి గదిలో కూర్చుండి వ్రాయదగినది గాదు ఇది. పది ఊళ్లు తిరిగి, పోటీలకు నిలిచి, గెలిచి ఓడి, సభల నెరిగిన కూటమి నుండి పుట్టవలసిన రంగవిశేషము.

సూత్రధారుని సంగతి మరింత విశదము. ఆతడు చేతితాళములు పట్టి ఆటను నడుపును, పాడును, పాత్రలను ప్రశ్నించును, సభను నవ్వించును. అట్టివాడే సత్యభామ ముందు మాధవియగును, కృష్ణుని ముందు మాధవుడగును. వేషము మార్పడు, మాట మార్చును. భర్త పేరు చెప్పుమని మాధవి నిర్బంధించుట, సిగ్గుపడి సత్యభామ తప్పించుకొనజూచుట, లేఖ తీసికొని పోవుటకు ప్రతిఫలముగా నగ నడుగుట మున్నగు ఘట్టములలో వ్రాతప్రతులు ఆధారము మాత్రమే. వాని నిడివి, చమత్కారము, వాదముల పట్టు ఆ రాత్రి సూత్రధారుని శక్తిని, సత్యభామ సమయస్ఫూర్తిని, సభ ఓపికను బట్టి మారుచుండును. కుటుంబముల వద్దనున్న ప్రతులలో పాఠభేదములు కనబడుటకు లేఖకుల అజాగ్రత్తనే కారణముగా చూపుట సరికాదు. అనేక చేతులలో పెరిగిన కృతికి అది సహజలక్షణము. మూలపాఠ మేదియని వెదకుటకు మారుగా ఏ పాఠము ఏ కుటుంబపు ఆటకు అనుకూలించినదని అడిగినచో ఆ పాఠభేదములే చరిత్ర యగును. ఎస్వీ జోగారావుగారి ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర 1961లో వెలువడి ఈ రంగమున మహోపకారము చేసినది. రచనల పట్టిక, కర్తల నిర్ణయము, లక్షణ చర్చ ఆ గ్రంథమున దొరకును. ఆ పునాదిమీద కట్టవలసిన రెండవ అంతస్తు ఆడినవారి చరిత్ర.

గొల్లకలాపమును ప్రక్కన నుంచి చూచినచో భేదము తేటపడును. దాని కర్త పందొమ్మిదవ శతాబ్దివాడైన భాగవతుల రామయ్య. గొల్లభామకును బ్రాహ్మణునకును జరుగు వాదమున యజ్ఞము, పిండోత్పత్తి మున్నగు శాస్త్రవిషయములు విపులముగా వచ్చును. ఒక పండితుని మనస్సు అందు అడుగడుగున కనబడును. భామాకలాపమున అట్టి ఏకకర్తృత్వపు ముద్ర కంటె, మాట మాటకు ఎదురుమాట పుట్టించు కూటమి ముద్ర హెచ్చు. రెండును గొప్ప కృతులే. కాని ఒకే కొలతతో కొలువదగినవి గావు.

పందొమ్మిదవ శతాబ్ది చివర మేళమునకు క్రొత్త పోటీ వచ్చినది. ధార్వాడ నాటక సమాజము వారి ప్రదర్శనలు 1880 ప్రాంతమున తెలుగునాట సంచలనము కలిగించినవి. తెరలు, దీపములు, పాటలతో కూడిన ఆ నాటకమును చూచి పట్టణములలో విద్యావంతులు సమాజములు స్థాపించిరి. బందరున ఆ ఉత్సాహము మెండు. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెన తరువాత రేవు దిగజారినను నోబుల్ పాఠశాల వంటి విద్యాసంస్థల వలన ఊరు చదువుల పట్టణముగా నిలిచినది. దివి తాలూకాలో పుట్టి బందరున ఉపాధ్యాయుడైన నాదెళ్ల పురుషోత్తమకవి 1880లలో స్థానిక సమాజము కొరకు ముప్పదికి పైగా హిందుస్తానీ నాటకములు రచించెను. దివిసీమ తెలుగుకవి, బందరు నటులు, హిందుస్తానీ భాష, తెలుగు ప్రేక్షకులు! ఈ కలయిక ఒక్క విషయమును స్పష్టము చేయుచున్నది. సమాజమనునది పుట్టుకతో ఏర్పడునది గాదు, ఇష్టముతో ఏర్పడునది. ఒకే ఊరి, ఒకే కులపు కుటుంబములు గాక, ఒకే అభిరుచి గల స్నేహితులు దానికి మూలధనము. నేటి సంగీతబృందమునకు మన నేలలో పూర్వరూపము వెదకినచో మేళము కంటె సమాజము దగ్గర చుట్టము.

ఈ పోటీకి కూచిపూడి ఇచ్చిన సమాధానము చింతా వెంకటరామయ్యగారు. 1860లో జన్మించి 1949 వరకు జీవించిన ఈయన వెంకటరామ నాట్యమండలిని నెలకొల్పి, కలాపములతో పాటు యక్షగానములను క్రమబద్ధముగా ప్రదర్శించెను. ఉషాపరిణయము, ప్రహ్లాద చరిత్రము, మోహినీ రుక్మాంగద, హరిశ్చంద్ర మున్నగునవి మండలికి పేరు తెచ్చినవి. కలాపమున ఒకరిద్దరు పాత్రధారులు రాత్రినంతయు మోయుదురు. యక్షగానమున పాత్రలు పెక్కు. ప్రతి పాత్రకు తగిన ప్రవేశ దరువు, దానికి తగిన నడక, మాట. అనగా ఒక ప్రతిభావంతుని చుట్టు తిరుగు ఆట స్థానమున పలువురు సమర్థులకు పని కల్పించు ఆట వచ్చినది. నాటకసమాజములు ఇచ్చు పాత్రవైవిధ్యమును తెరలు లేకయే మండలి ఇయ్యగలిగినది. ఆయన కుమారుడు చింతా కృష్ణమూర్తిగారు మండలిని కొనసాగించి 1968లో కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారము పొందిరి.

పేరులోని మార్పును గమనింపవలెను. కైఫీయతులో కూచిపూడివారు, ఇచ్చట వెంకటరామ నాట్యమండలి. ఊరి పేరు పోయి వ్యక్తినామము వచ్చినది. అయినను మండలి అను మాట మిగిలియున్నది. వేదాంతము, పసుమర్తి, వెంపటి వంశముల యువకులు ఆ మండలి నీడలోనే పెరిగిరి. వారిలో వేదాంతం రాఘవయ్య 1939 నాటి రైతుబిడ్డ చిత్రమున నర్తించి, తరువాత నృత్యదర్శకుడై, దర్శకుడై 1953లో దేవదాసును నిర్మాణపు తీరమునకు చేర్చెను. పసుమర్తి కృష్ణమూర్తి మల్లీశ్వరి, మాయాబజారు చిత్రములకు నృత్యములు కూర్చెను. మేళము నేర్పిన విద్యను చలనచిత్రము కొనుక్కొన్నది, మేళమును కొనలేదు. కొన్నది వ్యక్తులను.

గుడివాడ సీమలో ఇందుకు సరిజోడుగా ఇంకొక బృందము కలదు. పెయ్యేరున జన్మించిన దుక్కిపాటి మధుసూదనరావు నడపిన ఎక్సెల్సియర్ నాటకబృందమున అక్కినేని నాగేశ్వరరావు స్త్రీపాత్రలు ధరించి పేరొందెను. 1944లో సీతారామ జననమున కథానాయకుడై ఆయన చిత్రసీమకు పోయెను. అయితే ఇచ్చట ఒక భేదము కనబడును. బృందపు స్నేహము చెదరలేదు. 1951లో దుక్కిపాటి, అక్కినేని కలిసి అన్నపూర్ణా పిక్చర్సును స్థాపించిరి. 1955లో వచ్చిన దొంగరాముడు దాని తొలిచిత్రము. ఊరి నాటకబృందము ఒక నిర్మాణసంస్థయై మరల పుట్టినది. పేరు వచ్చినప్పుడు బృందము చీలి తీరవలెనన్న నియమము లేదనుటకు ఇది నిదర్శనము. నాయకుడు, నటుడు తమ లాభమును ఒకే గిన్నెలో పోసికొనగల ఏర్పాటు కావలెను. పుట్టుకతో ఏర్పడిన మేళమున ఆ ఏర్పాటు నేలమీద ఆధారపడినది. స్నేహముతో ఏర్పడిన సమాజమున అది ఒప్పందముమీద ఆధారపడినది. నేల విలువ తగ్గిన కాలమున ఒప్పందమే గట్టిదైనది.

ఇక కూచిపూడి జాతీయఖ్యాతి. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్యసదస్సులో విస్సా అప్పారావు కూచిపూడిని గూర్చి ప్రసంగవ్యాసము సమర్పించెను. మరుసటి యేట ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమి ఈ కళను గూర్చి హైదరాబాదున సదస్సు జరిపినది. బందా కనకలింగేశ్వరరావు కృషివలన కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసినది. 1961లో వేదాంతం సత్యనారాయణశర్మకు కేంద్ర అకాడమి పురస్కారము లభించెను. వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమిని స్థాపించి, ఎస్వీ భుజంగరాయశర్మ రచనలకు పట్రాయని సంగీతరావు సంగీతముతో నృత్యనాటకములను రూపొందించెను. బాలికలు, యువతులు వందలుగా నేర్చిరి. దేశదేశములకు కళ వ్యాపించినది. ఇది నిస్సందేహముగా ఒక విజయము.

ఈ విజయమున పేరు మరల మారినది. కూచిపూడి ఇప్పుడు జనుల పేరు గాదు, ఊరి పేరు గాదు, ఒక శైలి పేరు. శైలిని ఎవరైన ఎక్కడైన నేర్వవచ్చును. దానికి బృందముతో పని లేదు. ఒంటరి నర్తకి ముద్రిత సంగీతముతో గంటసేపు నర్తించినను అది కూచిపూడియే. లాభమేమన, తలుపులు తెరచుకొన్నవి. నష్టమేమన, వాచికము సన్నగిల్లినది, సూత్రధారుడు రంగము దిగి గాయకుల వరుసలో కూర్చున్నాడు. సత్యభామను ప్రశ్నించువాడు లేనప్పుడు ఆమె సమయస్ఫూర్తి ఎచ్చట బయటపడును? సాహిత్య విద్యార్థులకు ఇది చిన్న విషయము గాదు. సంభాషణ తగ్గిన మేర కృతిలోని తెలుగు తగ్గినది. మిగిలిన దరువులను మాత్రము చూచి భామాకలాపమును శృంగార గేయకావ్యమని నిర్ణయించుట, పెండ్లి పందిరిలో అరటిబోదెలను మాత్రము చూచి అది తోట యనుట వంటిది.

ఇంత చెప్పినప్పుడు బృందమును గూర్చి మరియొక సత్యమును దాచరాదు. కూటమి యున్నచోట గడప యుండును. కూచిపూడి మేళమున బ్రాహ్మణ పురుషులకే ప్రవేశము. ఇదే డెల్టాలో కలావంతుల స్త్రీలు పదములు, జావళీలు, కలాపములు ఆడుచుండిరి. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధ చట్టము వచ్చి వారి ఆట మరుగుపడిన దశాబ్దములలోనే కూచిపూడికి సంప్రదాయ నృత్యమను గౌరవము దక్కినది. పురుషుడు స్త్రీవేషము కట్టుట విద్యగాను, స్త్రీ తాను ఆడుట దోషముగాను చూడబడిన కాలమది. హర్షిత కామత్ 2019లో ప్రకటించిన గ్రంథమున కూచిపూడి పురుషుల స్త్రీవేషమును కులగౌరవముతో ముడిపెట్టి చర్చించిరి. ఆ చర్చను అంగీకరించినను అంగీకరింపకున్నను, బృందపు కట్టుబాటును మెచ్చుకొనువాడు ఆ కట్టుబాటు ఎవరిని బయట నిలిపినదో కూడ చెప్పవలెను. సత్యభామను అందరి సొత్తు చేసిన నియమము ఆ అందరు ఎవరన్న విషయమున ఉదారముగా లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. హైదరాబాదున 2010 తరువాతి దశాబ్దమున యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల మున్నగువారు చౌరస్తా అను బృందముగా కూడి, తెలుగు మాటను జానపద బాణీతోను పాశ్చాత్య వాద్యములతోను కలిపి పాటలు కట్టిరి. ఊరు, వలస, మట్టి ఆ పాటల వస్తువులు. పేరు వచ్చిన పిమ్మట రామ్ మిరియాల బృందమును వీడి, చలనచిత్ర గాయకుడుగా 2021లో జాతిరత్నాలు చిత్రముతో మిక్కిలి ప్రసిద్ధుడయ్యెను. 1939లో మండలి యువకుడు పోయిన త్రోవ ఇదియే. ఎనుబదియేండ్లలో వాద్యములు మారినవి, రికార్డు మారినది, కాని తెలుగునాట బృందమునకును చలనచిత్రమునకును గల సంబంధము మారలేదు. బృందము గొంతును పెంచును, చిత్రసీమ దానిని విడదీసి తీసికొనును. ఇంగ్లండు బృందములకు ఎదురు నిలిచినది పెద్ద రికార్డు సంస్థ. మన బృందములకు ఎదురు నిలిచినది చిత్రసీమ. కనుక ఇండీ అను మాటను పాశ్చాత్య గ్రంథములనుండి యథాతథముగా తెచ్చి మన బృందములకు తగిలించుట చాలదు. స్వతంత్రతను ఇచ్చట చిత్రసీమతో గల దూరమును బట్టి కొలువవలెను.

దీనివలన పరిశోధక విద్యార్థి చేయవలసిన పని కొంత తేలుచున్నది. ఒక బృందమును గూర్చి వ్రాయునప్పుడు దాని పాటల భావసౌందర్యముతో ఆరంభింపక, దాని పేరు ఎట్లు మారినదో, కూడినవారికి నడుమ ముడి యేదో, నేలయో ఒప్పందమో స్నేహమో, ముందు తేల్చుకొనవలెను. పాఠభేదములను దోషములుగా లెక్కింపక, ఎవరి గొంతుకై ఏ మాట మారినదో అడుగవలెను. ఎవరు లోపలికి రాలేకపోయిరో వ్రాయవలెను. కూచిపూడి విషయమున ఈ పనికి కాలము మించుచున్నది. రాత్రియంతయు భామాకలాపమును నడపిన తరము సూత్రధారుల మాట వారి కుటుంబములలో కొంత వ్రాతప్రతులుగా, కొంత జ్ఞాపకముగా మిగిలియున్నది. దరువులు ఎట్లును నిలుచును, వానికి నేర్చువారు కలరు. నిలువనివి ఆ నడిమి మాటలు. తెలుగు శాఖ మొదట పోయి వ్రాసికొనవలసినవి అవి.